విశ్వం సంగతి సరే, ఇవాళ్టి సంగతి?



టర్కీ దేశానికి నైరుతి మూలన, కొండల నడుమ, సముద్ర మట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఒయినోఆండా అనే పాడుబడ్డ పట్నం ఉంది. 1884లో ఫ్రెంచి పండితులు అక్కడి శిథిలాల్లో తిరుగుతూ గ్రీకు అక్షరాలున్న రాళ్ళు చూశారు. కొన్ని తర్వాతి కాలపు కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. రాతలకు నకళ్ళు తీసి పక్కపక్కన పెట్టి చదివితే, అవన్నీ ఒకే గోడ ముక్కలని తేలింది. ఆ గోడ మీద ఉన్నది మామూలు మనిషి భయం లేకుండా, సంతోషంగా బతకడం ఎలాగో చెప్పే పాఠం.

చెక్కించినవాడి పేరు డయోజెనిస్. క్రీస్తు శకం రెండో శతాబ్దపు మనిషి, కలిగినవాడు, అప్పటికే వయసు మళ్ళినవాడు. తన ఊరి జనం అంటురోగం తగిలినట్టుగా లేనిపోని భయాలతో బాధపడుతున్నారనీ, మందలో గొర్రెలకు సోకినట్టు అవి ఒకరి నుంచి ఒకరికి సోకుతున్నాయనీ ఆయన ఆ గోడ మీదే రాయించాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పడం కుదరని పని. అందుకే అందరూ నడిచే చోట మందు రాయించి పెడుతున్నానన్నాడు. ఇంకా పుట్టని వాళ్ళకూ, పరాయి దేశాల నుంచి వచ్చే వాళ్ళకూ కూడా అది పనికి రావాలని కోరుకున్నాడు. గోడ మొత్తం నిలబడి ఉన్న రోజుల్లో దాని పొడవు దాదాపు 80 మీటర్లనీ, దాని మీద 25,000 మాటల దాకా ఉండేవనీ పండితుల అంచనా. ఇప్పటికి దాదాపు 300 ముక్కలు దొరికాయి.

ఒక పెద్దమనిషి ఇంత డబ్బు పోసి ఊరి మధ్యలో తత్త్వం చెక్కించాడంటే, దానివల్ల జనం రోజు బాగుపడుతుందని గట్టిగా నమ్మాడన్నమాట. ఆ నమ్మకం నిజమేనా? ఉద్యోగం, పిల్లల ఫీజులు, మోకాళ్ళ నొప్పులు, పక్కింటివాళ్ళతో పేచీలు, వీటి నడుమ బతికే మనిషికి పరమాణువుల గురించో పరమాత్మ గురించో సాగే చర్చ ఏ విధంగా అక్కరకొస్తుంది?

చరిత్రలో వెతికితే ఒక విశేషం కనిపిస్తుంది. విశ్వం గురించి ఒకరికొకరు పూర్తిగా విరుద్ధమైన మాటలు చెప్పిన గురువులు, రోజు ఎలా గడపాలో చెప్పేటప్పటికి చాలా దగ్గరికొచ్చారు. వాళ్ళ సిద్ధాంతాలు పుస్తకాల్లో పోట్లాడుకున్నాయి. వాళ్ళ శిష్యుల దినచర్యలు మాత్రం అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఆ దినచర్యల్లోనే సంతోషం సంగతి దొరుకుతుంది.

ముందుగా ఒయినోఆండా గోడ మీద ఎవరి బోధ ఉందో ఆయన దగ్గరికి వెళదాం. ఎపిక్యూరస్ క్రీ.పూ. 341లో ఏజియన్ సముద్రంలోని సేమోస్ దీవిలో పుట్టాడు. క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్స్ చేరి ఒక ఇల్లూ, ఒక తోటా కొన్నాడు. ఆ తోటే ఆయన బడి. అప్పటి ఏథెన్స్‌లో అరుదైన వింత అక్కడ జరిగింది: ఆడవాళ్ళు, బానిసలు కూడా వచ్చి కూర్చుని చర్చల్లో పాల్గొన్నారు. ప్రపంచమంతా పరమాణువులూ, వాటి మధ్య ఖాళీయేనని ఆయన బోధ. దేవతలు ఉన్నారు గానీ వాళ్ళకు మనుషుల గొడవ పట్టదు, వరాలూ ఇవ్వరు, శాపాలూ పెట్టరు. మనిషి చనిపోతే ఆ పరమాణువులు విడిపోతాయి, బాధ పడటానికి ఎవరూ మిగలరు.

వినడానికి ఇది భౌతికశాస్త్రం లాగా ఉంటుంది. ఎపిక్యూరస్‌కు అది భయాన్ని దించే మందు. పిడుగు పడితే దేవుడికి కోపమొచ్చిందేమోనని వణికేవాడికీ, పోయాక నరకంలో ఏం బాధలు పెడతారోనని నిద్రపోనివాడికీ ఆ రాత్రి కంటి నిండా నిద్ర పట్టాలి. ఆయన అడిగింది అంతే. మనసులో కలవరం లేకపోవడం, ఒంట్లో నొప్పి లేకపోవడం, ఇంతకు మించిన సుఖం వేరే లేదన్నాడు.

ఇక కోరికల విషయం. వాటిని ఆయన మూడు రకాలుగా విడదీశాడు. ఆకలికి తిండి, చలికి బట్ట, తోడుకు స్నేహితుడు, ఇవి సహజమైనవి, అవసరమైనవి. పంచభక్ష్య పరమాన్నాలు సహజమైన కోరికే గానీ అవసరం కాదు. కీర్తి, అధికారం, ఊళ్ళో విగ్రహం, ఇవి సహజమూ కావు, అవసరమూ కావు, పైగా వీటికి అంతు ఉండదు. మొదటి రకం తేలిగ్గా తీరుతుంది గనక మనిషికి సంతోషం అందుబాటులోనే ఉందన్నది ఆయన లెక్క. గిట్టనివాళ్ళు ఆయన్ను తిండిపోతనీ విలాసపురుషుడనీ ప్రచారం చేశారు. ఆయన మాత్రం ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ చిన్న కుండలో జున్ను పంపమని అడిగాడు. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే అది చాలునన్నాడు.

క్రీ.పూ. 270లో మూత్రంలో రాయి అడ్డుపడి విపరీతమైన నొప్పితో ఆయన చనిపోయాడు. ఆఖరి రోజున ఇడోమెనియస్ అనే మిత్రుడికి ఉత్తరం రాశాడు. నొప్పి భరించరానిదిగా ఉంది, అయినా మనం కలిసి చేసుకున్న సంభాషణలు గుర్తు తెచ్చుకుంటే కలిగే ఆనందం దానికి ఎదురు నిలుస్తోందని దాని సారాంశం. ఆయన వీలునామా కూడా మనకు దక్కింది. అందులో సిద్ధాంతాల ఊసు చాలా తక్కువ. మైస్ అనే బానిసకు విడుదల ఇవ్వాలి. తనకంటే ముందే పోయిన మిత్రుడు మెట్రొడోరస్ పిల్లల్ని పెంచాలి, వాళ్ళలో ఆడపిల్లకు ఈడు వచ్చాక పెళ్ళి చేయాలి. నెలనెలా 20వ తేదీన అందరూ కలిసి కూర్చునే ఆనవాయితీ మానకూడదు. పరమాణువుల సిద్ధాంతం చివరికి వచ్చి నిలిచింది ఇక్కడ: నెలకోసారి కలిసి తినే భోజనం దగ్గర, ఒక అనాథ పిల్ల పెళ్ళి దగ్గర.

కోరికల గురించి ఆయన వేసిన లెక్క ఇప్పటి పరిశోధనకు ఎంతవరకు నిలుస్తుంది? 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లాటరీ తగిలిన 22 మందిని, అంతమందే మామూలు మనుషులతో పోల్చి చూశారు. సంతోషంలో రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకంటే ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. స్నేహితుడితో మాట్లాడటం, పొద్దున్నే ఫలహారం చేయడం, ఒక జోకు వినడం, ఇలాంటి చిన్న చిన్న సంగతుల్లో లాటరీ గెలిచినవాళ్ళకు మిగతావాళ్ళకంటే తక్కువ ఆనందం దొరికింది. పెద్ద ఆనందం ఒకటి చూశాక చిన్నవి చప్పబడ్డాయన్నమాట.

అయితే ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ళు చాలా తక్కువమంది. 2020లో స్వీడన్ లాటరీ విజేతల మీద ఎంతో పెద్ద ఎత్తున జరిగిన పరిశోధన ఒకటి ప్రచురితమైంది. పెద్ద మొత్తం గెలిచినవాళ్ళలో జీవితం పట్ల తృప్తి పెరిగిందనీ, అది పదేళ్ళు దాటినా నిలిచిందనీ అందులో తేలింది. సంతోషం మీద మాత్రం ఆ డబ్బు ప్రభావం అంతకంటే బాగా తక్కువ. డబ్బు జీవితాన్ని నిలకడగా నిలబెడుతుంది, ఆ మాట కాదనడం అన్యాయం. పొద్దుటి కాఫీ రుచి మాత్రం ఇంకెక్కడి నుంచో రావాలి.

ఇప్పుడు ఎపిక్యూరస్‌కు గట్టి ప్రత్యర్థుల సంగతి చూద్దాం. వాళ్ళు స్టోయిక్కులు. విశ్వం అనుకోకుండా ఢీకొన్న పరమాణువుల కుప్ప అంటే వాళ్ళు ఒప్పుకోలేదు. ప్రపంచమంతటా ఒక బుద్ధి, ఒక క్రమం వ్యాపించి ఉందనీ, జరిగే ప్రతిదీ ఆ క్రమంలో భాగమేననీ వాళ్ళ నమ్మకం. సుఖం జీవిత లక్ష్యమన్నా ఒప్పుకోలేదు, సద్గుణమే లక్ష్యమన్నారు. రెండు బళ్ళ మధ్య వాదం కొన్ని వందల ఏళ్ళు నడిచింది.

స్టోయిక్కుల్లో ఎపిక్టెటస్ బతుకు విన్నాక మరిచిపోయేది కాదు. క్రీ.శ. 50 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలోని పాముక్కలే దగ్గర హైరాపొలిస్‌లో పుట్టాడు. నీరో చక్రవర్తి కొలువులో పనిచేసిన ఒకాయన ఇంట్లో బానిస. ఒక కాలు కుంటి. యజమాని అనుమతితో చదువుకున్నాడు, తర్వాత విడుదల పొందాడు. డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలందర్నీ రోమ్ నుంచి వెళ్ళగొట్టినప్పుడు గ్రీసులోని నికోపొలిస్ వెళ్ళి బడి పెట్టాడు. తాను ఒక్క పుస్తకమూ రాయలేదు. ఏరియన్ అనే శిష్యుడు రాసిపెట్టుకున్న పాఠాలే మనకు మిగిలాయి.

ఆ పాఠాలకు మూలం ఒక విభజన. మన అభిప్రాయాలు, మన ప్రయత్నం, మన ఇష్టాయిష్టాలు, ఇవి మన చేతిలో ఉన్నాయి. మన ఒళ్ళు, ఆస్తి, పరువు, పదవి, ఇవి పూర్తిగా మన చేతిలో లేవు. మొదటివాటి మీద మనసు పెట్టి పనిచేయాలి, రెండోవాటి విషయంలో ఏది వచ్చినా సిద్ధంగా ఉండాలి. ఈ మాట అంతటితో వదిలేస్తే అది ఉపన్యాసం. ఎపిక్టెటస్ దాన్ని స్నానాల గదికి తీసుకెళ్ళాడు. నువ్వు ఊరుమ్మడి స్నానశాలకు బయలుదేరుతున్నావు, అక్కడ ఏమేం జరుగుతాయో ముందే తలచుకో అన్నాడు. ఒకడు నీళ్ళు చిమ్ముతాడు, ఒకడు తోస్తాడు, ఒకడు తిడతాడు, ఒకడు బట్టలు కాజేస్తాడు. నాకు స్నానమూ కావాలి, నా మనశ్శాంతీ కావాలి అనుకుని అడుగు బయట పెట్టు. రద్దీ బస్సులో రోజూ ఆఫీసుకు వెళ్ళే ఎవరికైనా ఈ పాఠం ఇంకా పాతబడలేదు.

ఆయన ఇంట్లో ఒక ఇనుప దీపం ఉండేది. దొంగ ఎత్తుకుపోయాడు. మర్నాడు వెళ్ళి మట్టి దీపం కొనుక్కున్నాడు. తన దగ్గర ఉన్నదాన్నే కదా ఎవరైనా పోగొట్టేది అని శిష్యులకు చెప్పాడు. ఆయన పోయాక ఆ మట్టి దీపాన్ని ఎవరో 3,000 ద్రాక్మాలు పోసి కొన్నారని లూషియన్ అనే రచయిత రాశాడు. దీపం కొంటే దాని యజమాని జ్ఞానం కూడా వస్తుందని ఆ కొన్నాయన ఆశట.

బానిస పాఠాలను ఒక చక్రవర్తి చదువుకున్నాడు. క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన మార్కస్ ఆరీలియస్ కాలంలో ఒక పక్క మహమ్మారి, ఇంకో పక్క డాన్యూబ్ నది పొడవునా యుద్ధాలు. కన్న పిల్లల్లో చాలామంది కళ్ళ ముందే పోయారు. ఆయన తన కోసం తాను గ్రీకులో రాసుకున్న నోటు పుస్తకం నేటికీ చదువుతున్నారు. పొద్దున్నే దుప్పటి వదిలి లేవబుద్ధి కాకపోవడం గురించి కూడా అందులో రాసుకున్నాడు. మనిషిగా చేయాల్సిన పనికి లేస్తున్నానని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఇవాళ తారసపడబోయే అనవసర జోక్యగాళ్ళనూ కృతఘ్నులనూ పొద్దున్నే తలచుకుని, వాళ్ళూ నాలాంటి మనుషులే, వాళ్ళ మీద కోపం పెట్టుకోను అని ముందే నిర్ణయించుకున్నాడు. ఇంకో స్టోయిక్కు సెనెకాకు రాత్రి అలవాటు ఒకటుండేది. దీపం తీసేశాక, భార్యకు ఆ అలవాటు తెలుసు గనక ఆమె మౌనంగా ఉంటే, ఆ రోజంతా తాను అన్నదీ చేసిందీ ఒక్కొక్కటిగా తిరగేసుకునేవాడు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 1965 సెప్టెంబరు 9న అమెరికా నౌకాదళ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్ విమానాన్ని ఉత్తర వియత్నాంలో కూల్చేశారు. అంతకుముందు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఒక ఆచార్యుడు ఆయన చేతిలో ఎపిక్టెటస్ చిన్న పుస్తకం పెట్టాడు. పారాషూట్‌తో కిందికి దిగుతూనే, ఇక నేను యంత్రాల లోకం వదిలి ఎపిక్టెటస్ లోకంలోకి వెళుతున్నానని అనుకున్నట్టు ఆయన తర్వాత చెప్పాడు. కాలు విరిగింది. ఏడున్నరేళ్ళు హనోయ్ జైల్లో గడిచాయి, అందులో నాలుగేళ్ళు ఒంటరి కొట్లో. ఏది తన చేతిలో ఉంది, ఏది లేదు అన్న లెక్కను ఆయన అక్కడ రోజూ వేసుకోవాల్సి వచ్చింది. 1973లో విడుదలయ్యాక ఆ అనుభవాన్ని వ్యాసాలుగా రాశాడు.

అదే ఎపిక్టెటస్ ఇంకో దారిలో ఆసుపత్రుల్లోకి కూడా వచ్చాడు. మనుషుల్ని కలవరపెట్టేది సంఘటనల కంటే వాటి గురించి వాళ్ళు ఏర్పరచుకున్న అభిప్రాయాలేనన్న ఆయన బోధను న్యూయార్క్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎలిస్ 1950లలో తన చికిత్సా పద్ధతికి ఆధారం చేసుకున్నాడు. ఆరన్ బెక్ 1960లలో కుంగుబాటుకు ఒక చికిత్సను రూపొందించాడు. 1979లో తన సహచరులతో కలిసి రాసిన పుస్తకంలో దాని తాత్త్విక మూలాలు స్టోయిక్కుల దగ్గరున్నాయని చెప్పాడు. ఆలోచనను కాగితం మీద రాసి, అది నిజమేనా అని పరీక్షించి, ఇంటి దగ్గర సాధన చేయించే ఆ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి రెండు బళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు విశ్వానికి ఉద్దేశం లేదన్నారు, ఇంకొకరు ఉందన్నారు. ఒకరు సుఖమన్నారు, ఇంకొకరు ధర్మమన్నారు. దినచర్యకు వచ్చేసరికి ఇద్దరూ తక్కువతో గడపడం నేర్పారు, చావును ధైర్యంగా తలచుకోమన్నారు. పాఠాన్ని పగలూ రాత్రీ నెమరువేయమని ఎపిక్యూరస్ ఒక శిష్యుడికి రాసిన ఉత్తరంలో కోరాడు, ఒంటరిగానూ, నీలాంటి మరొకరితో కలిసీ చెయ్యమన్నాడు. ఫ్రెంచి పండితుడు పియెర్ హడో తన జీవితంలో ఎక్కువ భాగం ఈ సంగతి నిరూపించడానికే వెచ్చించాడు: ప్రాచీనులకు తత్త్వం ఒక సాధన, పుస్తకాలు ఆ సాధనకు సాయంగా పుట్టాయి.

మన నేలకు వద్దాం. మాధ్యమిక దర్శనాన్ని స్థాపించిన ఆచార్య నాగార్జునుడికీ, కృష్ణానది ఒడ్డున ఉన్న శ్రీపర్వతానికీ సంబంధం ఉందని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. వస్తువులేవీ తమంతట తాము నిలబడవు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయనే శూన్యవాదం ఆయనది. ప్రపంచ తత్త్వశాస్త్రంలోనే అతి కఠినమైన వాదాల్లో అదొకటి. అటువంటి ఆచార్యుడి పేరుతో ఒక శాతవాహన రాజుకు రాసిన లేఖ ఉంది, పేరు సుహృల్లేఖ. దానికి చైనా, టిబెట్ భాషల అనువాదాలు మిగిలాయి. ఏడో శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు తొలి దశలోనే ఈ లేఖను కంఠస్థం చేస్తారని రాశాడు.

అందులో శూన్యవాదపు తర్కం కంటే రాజుగారి దినచర్యకే ఎక్కువ చోటుంది. తిండిని మందులా తినాలి, బలం చూపించుకోవడానికో ఒళ్ళు పెంచడానికో కాదు. పగలంతా, రాత్రి మొదటి జాములోనూ చివరి జాములోనూ మెలకువగా ఉండి సాధన చేయాలి, నిద్రపోయేటప్పుడు కూడా ఎరుక వదలకూడదు. లాభం నష్టం, సుఖం దుఃఖం, పొగడ్త తెగడ్త, కీర్తి అపకీర్తి, ఈ ఎనిమిదింటికీ మనసు ఒకేలా ఉండాలి. సంపదలన్నింటిలో తృప్తి గొప్పది. ఏథెన్స్ తోటలో కూర్చున్నవాడు ఈ లేఖ చదివి ఉంటే శూన్యవాదంతో వాదానికి దిగేవాడే గానీ, తిండి గురించి చెప్పిన మాటకు తల ఊపేవాడు.

ఎరుక గురించి ఈనాటి అధ్యయనం ఒకటి చెప్పుకోవాలి. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2,250 మంది పెద్దవాళ్ళ ఫోన్లకు రోజులో ఎప్పుడంటే అప్పుడు ప్రశ్నలు పంపారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా ఉన్నారు? దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా మనసు వేరేచోట తిరుగుతున్నప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. హాయి కలిగించే విషయం గురించి ఆలోచిస్తున్నా సరే, చేస్తున్న పని మీద ధ్యాస ఉన్నప్పటి కంటే ఎక్కువ సంతోషం దొరకలేదు. సాధన చేయమని పెద్దలు ఎందుకంత పట్టుబట్టారో ఈ లెక్క కొంత చెబుతుంది.

ఇంతవరకు విన్న వాళ్ళలో ఒక అనుమానం పుట్టి ఉండాలి, పుట్టడం మంచిదే. తృప్తిగా ఉండు, నీ చేతిలో లేనిదాన్ని వదిలెయ్ అని చెప్పే తత్త్వం, అన్యాయానికి అలవాటు పడిపొమ్మని చెప్పే తత్త్వంగా మారిపోదా? ఈ ప్రశ్నను మన తెలుగువాడు ఒకాయన నేరుగా గాంధీజీ ముందే పెట్టాడు.

గోపరాజు రామచంద్రరావు, గోరాగా మనకు తెలిసిన ఆయన, 1902లో పుట్టాడు. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకుడు. నాస్తిక భావాలు బాహాటంగా ప్రకటించినందుకు 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతి గోరాతో కలిసి నాస్తిక కేంద్రం ప్రారంభించాడు. 1947లో అది విజయవాడకు మారింది. 1944 నవంబరులో సేవాగ్రామంలో గాంధీజీని కలిసినప్పుడు, కలకత్తాలో చూసిన కరువు దృశ్యాలు ఆయనకు వివరించాడు. తిండి దొరికే దుకాణాల పక్కనే మనుషులు ఆకలితో చనిపోతున్నారు. అంతా కర్మ, అంతా దైవనిర్ణయం అన్న నమ్మకం వాళ్ళ చేతులు కట్టేసిందని గోరా వాదన. మనిషి తన జీవితానికి తానే బాధ్యుడని తెలుసుకుంటే లేచి నిలబడతాడన్నాడు.

గాంధీజీ కొట్టిపారేయలేదు. తన ఆస్తికత్వమే ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నాడు. గోరా పెద్ద కూతురు మనోరమ, దళిత కుటుంబంలో పుట్టిన అర్జునరావును పెళ్ళాడటానికి సిద్ధపడితే, ఆ పెళ్ళి సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నాడు. ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నాడు. అది జరిగేలోగా ఆయన హత్యకు గురయ్యాడు. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామంలోనే జరిగింది.

ముదునూరులో గోరా దంపతులు చేసిన పని ఇంకొకటి ఉంది. ప్రతి పౌర్ణమి రాత్రి కులాలన్నీ కలిసి కూర్చుని తినే సహపంక్తి భోజనం. ఎవరి అన్నం వాళ్ళు తెచ్చుకోవచ్చు, లేదా తిండి ఖర్చుకు కొద్దిగా డబ్బిచ్చి తినవచ్చు. ఒక్కో నెల ఊళ్ళో ఒక్కో చోట, హరిజనవాడలో కూడా ఆ పంక్తి కూర్చుంది. బానిసలకు తోట తలుపు తెరిచి, నెలకోసారి కలిసి కూర్చోమన్న ఎపిక్యూరస్ గురించి ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళు విన్నారో లేదో గానీ, పని మాత్రం ఆ జాతిదే. రెండుచోట్లా సంతోషం పంక్తిలో కూర్చున్నవాళ్ళందరిదీ.

గోరా అభ్యంతరంలో ఉన్న నిజం గుర్తుపెట్టుకుంటే, దృక్పథాల మధ్య తేడాలు కూడా చిన్నవి కావని తెలుస్తుంది. ఎపిక్యూరస్ శిష్యుల్ని రాజకీయాలకు దూరంగా ఉండమన్నాడు. స్టోయిక్కులు ప్రజా జీవితంలో పాలుపంచుకోవడం బాధ్యత అన్నారు. కానీ బానిసత్వం అనే వ్యవస్థ ఉండకూడదని రెండు బళ్ళలో ఏదీ ఉద్యమించలేదు. బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ కూడా లోపలి స్వేచ్ఛ గురించే ఎక్కువ మాట్లాడాడు. మన చేతిలో ఉన్నదీ లేనిదీ గీత గీసి చూపించినప్పుడు, ఆ గీతను ఎవరు ఎక్కడ గీస్తున్నారో గమనించాలి. ఒక మనిషి చేతిలో లేనిది పదిమంది కలిస్తే వాళ్ళ చేతిలోకి వస్తుంది. కూలి రేటు, ఊరి చెరువు, బడిలో టీచరు, ఇవన్నీ ఆ జాబితాలోవే. దొంగ ఎత్తుకెళ్ళిన ఇనుప దీపం గురించి దిగులు పడకపోవడం వివేకం. ఊరంతా చీకట్లో ఉంటే వీధి దీపం కోసం పంచాయతీకి అర్జీ పెట్టడమూ వివేకమే. మంచి దృక్పథం ఈ రెండింటికీ మనిషిని సిద్ధం చేయాలి.

అందువల్ల ఎవరైనా తమ దృక్పథం తమకు సంతోషాన్నిస్తోందా అని తేల్చుకోవాలంటే, విశ్వం గురించి తామేం నమ్ముతున్నామన్న దానితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఆ నమ్మకం వల్ల నిన్న రాత్రి నిద్ర పట్టిందా? కోరికల్లో ఏది అవసరమో ఏది ఆడంబరమో చూపించిందా? ఎవరి పక్కన కూర్చుని తినమంది, ఎవరి పక్కన కూర్చోవద్దంది? ఎదుటివాడి ఆకలి చూసినప్పుడు చెయ్యి చాపమందా, వాడి కర్మ అని తప్పుకోమందా? దేవుణ్ణి నమ్మేవాళ్ళకూ, నమ్మనివాళ్ళకూ ఈ ప్రశ్నలు ఒకటే. పూజ, నమాజు, ప్రార్థన, ధ్యానం, పుస్తక పఠనం, ఏది రోజులో చోటు చేసుకున్నా దాన్ని ఈ ప్రశ్నలతో పరీక్షించి చూడవచ్చు.

తత్త్వం చేయలేని పని కూడా ఒకటుంది, అది చెప్పకుండా ఈ ప్రసంగం ముగించడం బాధ్యత అనిపించుకోదు. రోజుల తరబడి దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పోవడం, బతకాలనిపించకపోవడం, ఇవి కుంగుబాటు అనే జబ్బు లక్షణాలు కావచ్చు. అటువంటి మనిషికి దృక్పథం మార్చుకో, తృప్తిగా ఉండు అని హితబోధ చేయడం వల్ల అతని బాధకు సిగ్గు కూడా తోడవుతుంది. ఆ మనిషికి డాక్టరు కావాలి, కొన్నిసార్లు మందులు కావాలి, ఇందాక చెప్పుకున్న బెక్ చికిత్స లాంటిది కావాలి, ఇంట్లోవాళ్ళ ఓపిక కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, టెలీ మానస్ అనే ఫోన్ సేవను ప్రారంభించింది. నెంబరు 14416. పగలైనా రాత్రైనా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీ హాస్టల్లోనో అవసరమున్న వాళ్ళు ఉంటే ఈ నెంబరు వాళ్ళకు రాసివ్వండి. మళ్ళీ చెబుతున్నాం: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.